యాప్‌లో "ఈరోజు ఏమీ లేవు" అని చూసినవారికి

మా పిండివంటల యాప్ తెరిస్తే "ఈరోజు ఏమీ లేవు" అని రావడంతో చాలామంది దుకాణం మూసేశామనుకున్నారు. మూయలేదండీ. మీరు అది చూస్తున్న వేళకి సున్నుండలు, జంతికలు, కజ్జికాయలు డబ్బాల్లో సిద్ధంగానే ఉన్నాయి. ఆర్డర్లు తగ్గితే మేం కూడా ఆషాఢం కదా, పెళ్ళిళ్ళు లేవు, గిరాకీ పడిపోయిందనుకున్నాం. లోపం యాప్‌లో ఉంది. సరిచేసిన వెర్షన్ ప్లే స్టోర్‌లో పెట్టాం, దయచేసి అప్‌డేట్ చేసుకోండి.

అసలేం జరిగిందని అడిగినవాళ్ళ కోసం మిగతాది. మీలో సాఫ్ట్‌వేర్ వాళ్ళు నవ్వుకున్నా ఫర్వాలేదు.

యాప్ రాసింది మా మేనకోడలు, ఫ్లట్టర్ (యాప్‌లు తయారుచేసే సాధనం) నేర్చుకుంటూ. స్క్రీన్ తెరవగానే ముందు ఒక ఖాళీ లిస్టు తయారవుతుంది. సర్వర్ నుంచి వంటకాల పేర్లు, ధరలు వచ్చి అందులో పడాలి. ఆ జవాబుకి ఒకటి రెండు సెకన్లు పడుతుంది. స్క్రీన్ గీసే కోడ్ అంతదాకా ఆగదు. పొయ్యి మీద పెట్టగానే మూత తీసి అన్నం లేదన్నట్టు, ఖాళీ లిస్టు చూసి "ఏమీ లేవు" అనేస్తుంది. తర్వాత వివరాలు వచ్చినా, మళ్ళీ గీయమని చెప్పే సెట్‌స్టేట్ అక్కడ రాయలేదు. దాంతో స్క్రీన్ అలాగే ఉండిపోయేది.

విచిత్రమేమిటంటే తన ఫోన్‌లో ఎప్పుడూ బాగానే వచ్చేది! కోడ్‌లో కామా మార్చి సేవ్ చేసినా హాట్ రీలోడ్ అవుతుంది, అంటే నడుస్తున్న యాప్‌లోకే కొత్త కోడ్ ఎక్కుతుంది. అప్పుడు లిస్టులో ఉన్నది పోదు, స్క్రీన్ మాత్రం మళ్ళీ గీస్తుంది. వంటకాలన్నీ ప్రత్యక్షం. మీ ఫోన్లలో హాట్ రీలోడ్ ఎక్కడిది?

"ఫోన్ అడ్డంగా తిప్పితే ఐటమ్స్ వస్తున్నాయండీ" అని ఒక కస్టమర్ వాట్సాప్‌లో రాశారు. అక్కడే గుట్టు దొరికింది. తిప్పితే స్క్రీన్ మళ్ళీ గీస్తుంది, అంటే సరుకు లోపల ఉన్నట్టే కదా. సర్వర్‌ని పిలిచిన లైను కిందే లిస్టు పొడవు ప్రింట్ చేస్తే 0 వచ్చింది. జవాబు వచ్చేదాకా ఆగమని చెప్పే అవైట్ పెట్టి, అది అందాక ప్రింట్ చేస్తే 14.

అది సరిచేశాక కూడా ఒకరోజు మళ్ళీ ఖాళీ. ఈసారి సెట్‌స్టేట్ ఉంది, జవాబూ వస్తోంది. చూస్తే ఆరోజు పావుకిలో జంతికల ధర 82.50 అని పెట్టాం. కోడేమో ధర ఎప్పుడూ పైసలు లేని అంకే అనుకుంటోంది. అక్కడ ఎర్రర్ వచ్చింది, దాన్ని పట్టుకునే క్యాచ్‌లో ఒక్క లైను కూడా లేదు. ఒక్క జంతికల వల్ల 14 వంటకాలూ మాయం! ఖాళీ క్యాచ్ ఉన్నచోట టెన్షన్ తప్పదు. అది ఎర్రర్‌ని మింగేస్తుంది, మనమేమో సర్వర్‌ని తిట్టుకుంటాం. ఇప్పుడు ధర ఎలా ఉన్నా తీసుకుంటుంది, తేడా వస్తే మాకు కబురు పంపుతుంది.

ఇంకో మార్పు మీకే కనిపిస్తుంది. వివరాలు వచ్చేదాకా "తెస్తున్నాం" అని చక్రం తిరుగుతుంది. నెట్ అందకపోతే ఆ మాటే చెబుతుంది, పక్కన "మళ్ళీ ప్రయత్నించండి" బటన్ ఉంటుంది. సర్వర్ జవాబిచ్చి, అందులో నిజంగా ఒక్క ఐటమ్ కూడా లేనప్పుడే "ఈరోజు ఏమీ లేవు" వస్తుంది.

యాప్ ఇబ్బంది అనుకునేవాళ్ళు ఎప్పటిలాగే వాట్సాప్‌లో ఆర్డర్ పెట్టొచ్చు. పూతరేకులు కనిపించడం లేదని నిన్నటి నుంచి అడుగుతున్నారు. అది మాత్రం యాప్ తప్పు కాదు, అవి అయిపోయాయి. శనివారం వస్తాయి.