కరిస్తే చస్తారని రాయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ‘కాటేస్తే ప్రాణాలు గల్లంతే’ అన్న శీర్షికతో అరచేయంత సాలీడు ఫొటో వేశారు. ఆ పేపరు మందస మండలంలోని మా ఊరికి చేరిన సాయంత్రమే ఊరి చివర ముసలి చింతచెట్టు తొర్రలో పెట్రోలు పోసి అంటించేశారు. ఇదేమిటర్రా అంటే, "పేపరోడు ఏసినాడు గదేటి బాబూ, కరిస్తే నిలువునా సచ్చిపోతార్ట" అన్నాడొకడు. మాను సగం మాడిపోయింది. తొర్రలో ఉన్నది సాలీడో, ఉడుమో, గుడ్లగూబ పిల్లలో తొంగిచూసినవాడు లేడు.

నాది జీడితోట. పిక్కలు రాలే రోజుల్లో రాత్రి కావలి నేనే కాస్తాను. ఆ సాలీడును ఏళ్ల తరబడి చూస్తున్నవాణ్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

గూడు అల్లి మధ్యలో కూర్చునే రకం కాదది. చెట్టు తొర్రలోనో, ఎండి లేచిన బెరడు కిందో దారంతో మెత్తగా పరుచుకుని పగలంతా అక్కడే ఉంటుంది. చీకటి పడ్డాక తొర్ర మూతి దగ్గరకు వచ్చి, ముందుకాళ్లు బెరడుకు ఆనించి, ఇక కదలదు. టార్చికి ఎర్ర కాగితం చుట్టి చూస్తే పెద్దగా బెదరదు. ఎనిమిది కళ్లున్నా చూపు అంతంతే, కాళ్ల వెంట్రుకలకు తెలిసే అదురే దానికి ఆధారం. ఒకసారి నా ఎదుటే ఒక బొద్దింక మాను మీదికి పాకింది. అది దూరంగా ఉన్నంతసేపు సాలీడులో చలనమే లేదు. దగ్గరకొచ్చిందో లేదో, ఎప్పుడు దూకిందో నా కంటికి ఆనలేదు, బొద్దింక కోరల కింద ఉంది. విషానికి అది చచ్చుబడ్డాక జీర్ణరసం పోస్తూ నములుతూ, కరిగిన సారాన్ని పీల్చుకుంటూ చాలాసేపు కూర్చుంది. ఆఖరికి రెక్కలూ కాళ్లూ కలిసిన చిన్న ఉండ ఒకటి కింద పడింది.

ఆడది పదేళ్లకు పైనే బతుకుతుంది. మగది ఈడొచ్చాక ఏడాది అటూ ఇటూ, అంతే. జత కోసం తిరుగుతూ ఆ మగవే దారితప్పి మన గోడలెక్కుతాయి. అదిలిస్తే ముందుకాళ్లు పైకెత్తి అడుగున ఉన్న పసుపు రంగు చూపిస్తుంది. అంటే ‘పో’ అని. అప్పుడూ పోకుండా చెయ్యిపెడితే కరుస్తుంది మరి.

కరిస్తే తేలిక అని నేననను. నొప్పి, వాపు తప్పవు. కండరాలు పట్టేయడం కొందరికి రోజుల తరబడి ఉంటుంది. కానీ పెసిలోథీరియా అనే ఈ జాతి కాటుతో మనిషి చనిపోయినట్టు రుజువైన కేసు లేదు. సబ్బుతో కడిగి, ఐసు పెట్టి, ఆస్పత్రికి వెళ్లాలి. బ్లేడుతో గాట్లు పెట్టడం, తాడు బిగించడం వద్దు. 2012లో అస్సాంలోని సదియాలో సాలీడు కరిచి ఇద్దరు పోయారని వార్తలొచ్చినప్పుడు కూడా, బ్లేడుతో కోసిన నాటువైద్యం మీదే డాక్టర్లకు అనుమానం వచ్చింది. మా వైపు నిజంగా భయపడాల్సింది కట్లపాముకీ రక్తపింజరికీ. వాటి మీద అంత పెద్ద అక్షరాలు మీ పేజీలో నేనెప్పుడూ చూడలేదు.

ఇంకో సంగతి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో పనసలనూ జీడిమామిళ్లనూ కూల్చేసింది. కొత్తగా వేసిన మొక్కలకు తొర్రలెక్కడివి? మిగిలిన ముసలి చెట్లకు మనమే నిప్పు పెడితే ఈ సాలీళ్లు ఇళ్లలోకి రాక ఎక్కడికి పోతాయి? దీని చుట్టమే గుత్తి నీలి సాలీడు. 1899లో గుత్తి ఊళ్లోని రైల్వే కలప డిపోలో దొరికింది. ఇవాళ నంద్యాల, గిద్దలూరు అడవుల్లో అంతరించే అంచున ఉంది. ఈ జాతి మొత్తాన్నీ విదేశాల్లో పెంపుడు జంతువులుగా అమ్ముకుంటున్నారని 2019లో అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో చేర్చారు.

దయచేసి అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో సవరణ వేయండి. కరిస్తే ఏం చెయ్యాలో కూడా వేయండి. మీ విలేకరికి చూడాలని ఉంటే మార్చిలో ఒక రాత్రి మా తోటకు పంపండి, చూపిస్తాను. బూట్లు వేసుకుని రమ్మనండి, పాములుంటాయి.

ఇట్లు,
ఒక జీడి రైతు,
మందస మండలం, శ్రీకాకుళం జిల్లా