మన పాటల సంఘం 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ వందనాలు.

క్యారల్స్ అంటే డిసెంబరులో స్టార్ పట్టుకుని వీధులు తిరగడం ఒక్కటే కాదు, ఈస్టరుకీ, చర్చిలో కొత్త పంట కానుకలు పెట్టే కోత పండక్కీ కూడా అంతే ఉత్సాహంగా పాడాలని ఏడాది మొదట్లో సమావేశంలో అనుకున్నాం. చాలావరకు చేశాం. ఎక్కడ బాగా కుదిరిందో, ఎక్కడ మనుషులు సరిపోలేదో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

కొత్తగా చేరిన పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న, ఈస్టరుకి క్యారల్స్ ఏంటండీ అని. మంచి ప్రశ్నే. యూరప్‌లో ఒకప్పుడు క్యారల్ అంటే గుండ్రంగా నిలబడి చేతులు పట్టుకుని ఆడుతూ పాడుకునే పాట, ఏ కాలానికి ఆ కాలం పాటలుండేవి. 1582లో అచ్చయిన ‘పియే కాంతియోనెస్’ అనే లాటిన్ పాటల పుస్తకంలో వసంతం మీద ఒక పాట ఉంది, పూలు పూసే కాలం వచ్చిందని మొదలవుతుంది. 1853లో జాన్ మేసన్ నీల్ అనే ఇంగ్లండు పాదిరీ గారు ఆ బాణీ తీసుకుని, పేదవాడి కోసం మంచులో తిండీ కట్టెలూ పట్టుకెళ్లిన రాజు కథ రాశారు, అంతే, అప్పట్నించి ఆ బాణీ వింటే అందరికీ క్రిస్మస్సే గుర్తొస్తుంది. ఇటు నుంచి అటు కూడా జరిగింది. 1928లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ క్యారల్స్ పుస్తకంలో ఒక పాత ఫ్రెంచి క్రిస్మస్ బాణీకి ఈస్టరు మాటలు కట్టారు, మట్టిలో పడ్డ గింజ మళ్లీ మొలకెత్తడం గురించి. అంటే బాణీలకి ఏ పండగా అడ్డు కాదు. ఈ ఏడాది మన పనంతా ఈ నమ్మకం మీదే నడిచింది.

ముందు ఈస్టరు సంగతి. ఉగాది మార్చి 30న వచ్చింది, ఈస్టరు ఏప్రిల్ 20న. ఆ రెంటి మధ్యా మన ఊళ్లో వసంతమంటే మంచు కరగడం కాదు కదా, వేపపూత రాలడం, మామిడికాయలు బజారుకి రావడం, పొద్దున ఎనిమిదికే ఎండ చుర్రుమనడం. అందుకని ఆ పాత వసంతం బాణీకి మన అక్కలు ఇద్దరు కూర్చుని తెలుగు మాటలు కట్టారు, వేపపూతనీ మల్లెల్నీ క్రీస్తు లేచిన ఖాళీ సమాధినీ కలిపి. నాకైతే ఈ ఏడాది మనం చేసిన పనులన్నిటిలోకీ ఇదే పెద్దది అనిపిస్తుంది. మన విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో ఈస్టరు ఆరాధన ఇంకా చీకటి ఉండగానే మొదలుపెట్టాం. ఇసకలో పాడటం ఎంత కష్టమో పాడినవాళ్లకే తెలుసు: గోడ ఉండదు, కప్పు ఉండదు, మన గొంతు మనకే వినబడదు, అలల హోరు ఒకటి. రిహార్సల్స్‌లో వరసగా నిలబడి పాడాం కానీ అక్కడ ఆ వరస పనిచెయ్యలేదు, చివరి వాళ్లకి తాళం అందక వెనకబడిపోతున్నారు. డోలక్ వాయించే తమ్ముడే అందర్నీ సముద్రానికి వీపు పెట్టి అర్ధచంద్రంలా నిలబెట్టి, తను మధ్యలో గొంతుక్కూర్చున్నాడు. రెండో చరణానికల్లా గొంతులన్నీ ఒక్కటయ్యాయి. ఐదున్నర దాటాక వెలుగొచ్చేసరికి వాకింగ్‌కి వచ్చినవాళ్లు కూడా ఆగి విన్నారు, ఒక పెద్దావిడ చెప్పులు విప్పి మరీ నిలబడ్డారు.

కానీ ఈస్టరు ముందు ఆదివారం, అంటే మట్టల ఆదివారానికి వచ్చిన గొంతులు తక్కువ. గుడ్ ఫ్రైడే రోజు, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధనకి ఇంకా తక్కువ. డిసెంబరులో వ్యాన్‌లో చోటు చాలదు, ఏప్రిల్‌లో ఆల్టో (ఆడవాళ్ల కింది స్వరం) పాడేవాళ్లే దొరకరు. ఎండలూ పిల్లల పరీక్షలూ ఉన్న మాట నిజమే, అయినా క్రిస్మస్ అంత పెద్ద పండగ ఈస్టరు, ఆ మాట మన హాజరులో కనబడాలి.

తెలుగు కీర్తనల విషయానికొస్తే, లండన్ మిషన్ వాళ్లు జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నంలోనే దిగి పని మొదలుపెట్టారు, కాబట్టి మన ఊరికి ఈ విషయంలో రెండు వందల ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. ఇక ఎన్నో తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) మన పక్కనే శ్రీకాకుళం, బరంపురం ప్రాంతాల్లో సేవ చేసినవారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట మీద రాగం, తాళం పేర్లు ఉంటాయి, మనలో చాలామందిమి అవి చూడకుండానే పేజీ తిప్పేస్తాం. ఈ ఏడాది వేసవిలో పెట్టిన క్లాసుల్లో సంగీతం మాస్టారు ఒకరు వచ్చి పల్లవి, చరణాలు పుస్తకంలో ఉన్న రాగంలోనే పాడించారు. కీబోర్డు రిథమ్ ఆపేసి, చేత్తో తాళం వేస్తూ. మొదటి రోజు పిల్లలు బోర్ అన్నారు, తర్వాత వాళ్లే ఇళ్లల్లో తాళం వేస్తున్నారని అమ్మలు చెప్పారు. ఆ క్లాసులు ఆపకూడదు.

అక్టోబరు చివర మొంథా తుఫాను వానలకి రిహార్సల్స్ ఆగిపోయాయి. కోత పండగ పాటలు సగమే నేర్చుకుని పాడాం. గుమ్మడికాయలు, అరటి గెలలు, కొత్త బియ్యం ఎదురుగా పెట్టుకుని పాడాక వాటి వేలంపాట కూడా బాగా జరిగింది.

క్రిస్మస్ రౌండ్స్ గురించి మీ అందరికీ తెలిసిందే. పాతపట్నం నుంచి పాండురంగాపురం దాకా, తర్వాత మధురవాడ వైపు అపార్ట్‌మెంట్లు. అపార్ట్‌మెంట్లలో కింద సెల్లార్‌లో పాడితే పైవాళ్లకి వినబడదు, లిఫ్ట్ దగ్గర పాడితే మూడు అంతస్తులకి వినబడుతుంది, ఇది వచ్చే ఏడాది గుర్తుపెట్టుకుందాం. ఒక ఇంట్లో మంచం మీద ఉన్న తాతగారి కోసం తలుపు దగ్గర మెల్లగా పాడాం, ఆయన పెదాలు కదుపుతూ చరణాలన్నీ పాడారు, మాలో కుర్రాళ్లకి రాని మూడో చరణంతో సహా. గులాబీ పువ్వులు, కేకు, టీ ఇచ్చిన ప్రతి ఇంటికీ థ్యాంక్స్. ఆ వారంలోనే ఉప్పు గాలికి హార్మోనియం గాలితిత్తి జిగురు ఊడిపోయి గాలి కారిపోయింది, అందరికీ ఒకటే టెన్షన్. ఒక అన్నయ్య ఇంటికెళ్లి గిటారు తెచ్చారు, మిగతా రౌండ్స్ అన్నీ దానితోనే. ఆస్ట్రియాలో ఓబెర్న్‌డార్ఫ్ అనే ఊళ్లో 1818 క్రిస్మస్ ముందు రోజు రాత్రి, ఇప్పుడు ప్రపంచమంతా పాడే ఆ ప్రశాంతమైన రాత్రి పాటని (‘సైలెంట్ నైట్’) జోసెఫ్ మోర్, ఫ్రాంజ్ గ్రూబర్ మొదటిసారి పాడింది గిటారుతోనే. ఆ సంగతి పిల్లలకి వ్యాన్‌లో చెబితే, తర్వాతి ఇంట్లో ఆ పాట ఎంత బాగా పాడారో.

లెక్కలన్నీ కోశాధికారి గారి పుస్తకంలో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. రౌండ్స్ కానుకల్లో కొంత హార్మోనియం రిపేరుకి, మిగతాది ఎప్పటిలాగే దుప్పట్లకి వెళ్లింది.

2026లో శ్రమదినాలు మొదలయ్యే భస్మ బుధవారం ఫిబ్రవరి 18, మట్టల ఆదివారం మార్చి 29, ఈస్టరు ఏప్రిల్ 5. ఈసారి ఈస్టరు ముందుగా వచ్చింది, టైమ్ తక్కువ, కాబట్టి రిహార్సల్స్ జనవరి చివర్లోనే మొదలుపెడుతున్నాం. ఆల్టో, బాస్ (మగవాళ్ల కింది స్వరం) పాడేవాళ్లు మొదటి రోజే రండి. ఇళ్లల్లో పాత కీర్తనల పుస్తకాలు, అమ్మమ్మలు చేత్తో రాసుకున్న నోటు బుక్కులు ఉంటే తీసుకురండి, అక్కడే ఫోటోలు తీసుకుని వెంటనే తిరిగిచ్చేస్తాం.

మీ కార్యదర్శి