కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: ఆదివారం కథల సంగతి

గౌరవ సభ్యులకు నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని నిబంధన కాబట్టి చదువుతున్నాను. బోరు మోటారు, కాలవల పూడికతీత, చవితి పందిరి అన్నీ మీరు చూసినవే. ఈ ఏడాది కొత్తగా మొదలుపెట్టింది ఒక్కటే: ఆదివారం సాయంత్రాలు రామాలయం అరుగు మీద ఆరేళ్లలోపు పిల్లలకు కథలు చదివి వినిపించడం.

"అక్షరాలు రాని వాళ్లకు పుస్తకమేంటండీ" అని కొందరు నవ్వారు. మన కాలనీ పిల్లల డాక్టరుగారు వచ్చి, పసికందులప్పటి నుంచే చదివి వినిపించమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లోనే సలహా ఇచ్చిందని చెప్పాక ఆ నవ్వులు తగ్గాయి. నేను చూసింది కూడా చెబుతాను. ఇంట్లో మనం పిల్లలతో అనేదేముంది? రా, తిను, ఆ ఫోన్ పెట్టేయ్. ఒకరోజు కథలో "నెగడు" అన్న మాట వచ్చింది. నాలుగేళ్ల పాప "అంటే?" అంది. మామ్మగారు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, చిన్నప్పుడు కళ్లంలో చలిమంట చుట్టూ కూర్చున్న సంగతంతా చెప్పారు. మరుసటి వారం సందు చివర చెత్త తగలబెడుతుంటే ఆ పాప "నెగడు, నెగడు" అని ఒకటే అరుపు. (చెత్త తగలబెట్టొద్దని నిరుడే తీర్మానించాం, అది వేరే సంగతి.) ఇంకో బుడతడికి ప్రతివారం ఏనుగు కథే కావాలి. తాతగారు తొందరలో ఒక పేజీ దాటేస్తే చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పించాడు.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాల్లో ఏడు రోజులూ చదివాం. 1935లో పాతూరి నాగభూషణం గారు కాలవ మీద పడవలో పుస్తకాలు తిప్పిన ప్రాంతం మనది. ఆ గుర్తుగా ఫ్రిజ్ అట్టపెట్టెలతో పడవ కట్టి పిల్లల్ని అందులో కూర్చోబెట్టాం. రెండో కథకే అడుగు ఊడింది, ఒక్కరూ దిగలేదు.

స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే తెలుగు కథలకు ప్రింట్లు తీసిచ్చిన జిరాక్స్ షాపు వారికి, చాపలిచ్చిన గుడి కమిటీకి, శనగలు ఉడికించి పంపిన మూడో లైను అక్కయ్యలకు, ఓపికగా చదివిన మామ్మలకు, తాతగారికి కృతజ్ఞతలు.

వాట్సాప్‌లో "నేను రెడీ" అన్న పద్నాలుగు మందిలో అరుగు ఎక్కింది ముగ్గురు. నాన్నలు ఒక్కరూ లేరు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం కదా, నాలుగు బొమ్మల పుస్తకాలు ఇప్పించమని ఒక ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగాను. మూడుసార్లూ సారు మీటింగులోనే ఉన్నారు.

జమాఖర్చుల కాగితం కోశాధికారిగారి దగ్గరుంది, చూసుకోవచ్చు. అప్పు లేదు.

వచ్చే నెల చదివేవారి వంతుల పట్టీ గుడి గోడకు అంటించాను. బుధవారంలోగా ఎవరూ పేరు రాయకపోతే నాన్నల పేర్లు నేనే రాసేస్తాను.

ఇట్లు,
కార్యదర్శి