14 అంటే 14 ఏమిటి?

ఏరా,

నీ ఉత్తరం అందింది. నీ భార్య, మా చెల్లెమ్మ, రక్తపరీక్షలో విటమిన్ డి 14 వచ్చిందనీ, ఇన్నాళ్ళూ గర్భం రాకపోవడానికి కారణం ఇదేనేమోననీ రాశావు. ఒక్క ముక్కలో నా మాట ఇది: ఆ లోటు పూడ్చాల్సిందే, కానీ అది పూడితే చాలు కడుపు పండుతుందన్న లెక్కతో మిగతా పరీక్షలు ఆపకండి. పని మీద ఉంటే ఇక్కడితో మడిచి జేబులో పెట్టుకో. తీరిక దొరికినప్పుడు మిగతాది చదువు.

ముందు ఆ 14 ఏమిటో చూడు. అంకె రాశావుగానీ పక్కనున్న కొలత రాయలేదు. కొన్ని ల్యాబులు మిల్లీలీటరుకి ఇన్ని నానోగ్రాములని ఇస్తాయి, కొన్ని లీటరుకి ఇన్ని నానోమోల్స్ అని. మొదటిదాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే రెండోది వస్తుంది. 14 నానోగ్రాములైతే 35 నానోమోల్స్ అన్నమాట. తక్కువే, కానీ ఎంతోమందిలో కనబడే తక్కువ. అదే 14 నానోమోల్స్ అయితే ఐదున్నర నానోగ్రాములే. అది ఎముకలు మెత్తబడే స్థాయి. అప్పుడు కాల్షియం, ఫాస్ఫరస్, ఎముకల స్థితి చెప్పే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, రక్తంలో కాల్షియాన్ని నిలబెట్టే పారాథైరాయిడ్ హార్మోన్ కూడా చూపించుకోవాలి. దీనికి తలకిందులైన పొరపాటూ ఉంది: 52 చూసి అమ్మయ్య అనుకుంటారు, తీరా అవి నానోమోల్స్ అయితే 21 నానోగ్రాములకు మించవు.

తర్వాత పరీక్ష పేరు. 25-హైడ్రాక్సీ విటమిన్ డి అని ఉండాలి. చర్మంలో తయారైన డి కాలేయంలో ఈ రూపానికి మారుతుంది. రక్తంలో అది సగానికి తగ్గడానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి ఒంట్లో నిల్వ ఎంతో చెప్పగలిగేది ఇదే. ఒంట్లో పనిచేసే రూపమైన 1,25-డైహైడ్రాక్సీ అని రాసి ఉంటే డబ్బు దండగ, పైగా మోసం. నిల్వ పడిపోయినప్పుడు పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగి, మూత్రపిండాల చేత ఆ రూపాన్ని ఎక్కువగా తయారు చేయిస్తుంది. లోపం ఉన్నా అంకె మామూలుగానో ఎక్కువగానో కనబడుతుంది. ఇంకో మెలిక: జుట్టు రాలకుండా బయోటిన్ మాత్రలు మింగుతూ ఉంటే కొన్ని యంత్రాలు డిని ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. రెండు మూడు రోజుల ముందే వాటిని ఆపి రక్తం ఇవ్వాలి.

ఎంత ఉంటే చాలన్న దాని మీద నిపుణులకే పేచీ. 2011లో అమెరికాలో ఒక సంస్థ 20 నానోగ్రాములు చాలంది, అదే ఏడాది అక్కడి హార్మోన్ల డాక్టర్ల సంఘం, ఎండోక్రైన్ సొసైటీ, 30 ఉండాలంది. 2024లో ఆ సొసైటీయే తన 30 గీతను చెరిపేసి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఊరికే ఈ పరీక్ష చేయించనక్కర్లేదని చెప్పింది. కాబట్టి 24 వచ్చినవాళ్ళు బెంగపడటం అనవసరం. 14 నానోగ్రాములు మాత్రం 2011 నాటి ఆ రెండు గీతల్లో దేని ప్రకారం చూసినా తక్కువే.

ఇక అసలు ప్రశ్న. దీనికీ సంతానానికీ సంబంధం ఉందన్న అనుమానం గాలిలోంచి పుట్టలేదు. ఈ విటమిన్‌ని అందుకునే గ్రాహకాలు అండాశయంలో, గర్భాశయం లోపలి పొరలో, మాయలో, వృషణాల్లో, చివరికి వీర్యకణాల్లోనూ ఉన్నాయి. ఆ గ్రాహకాలు లేకుండా పుట్టించిన ఆడ ఎలుకలకి గర్భాశయం సరిగ్గా ఎదగలేదు. అయితే లోపమున్న ఎలుకల్లో కాల్షియం సరిచేస్తే సంతానశక్తి చాలావరకు తిరిగొచ్చింది. అంటే ఎలుకల కథలో సగం పాత్ర డిది కాదు, కాల్షియానిది. ఈ సంగతి ప్రకటనల్లో కనబడదు.

మనుషుల్లో చూస్తే, ఐవీఎఫ్ (అండాన్నీ వీర్యకణాన్నీ ఒంటి బయట కలిపే చికిత్స) చేయించుకుంటున్న ఆడవాళ్ళ మీద వచ్చిన 11 అధ్యయనాలని 2018లో కలిపి లెక్కేశారు. డి సరిపడా ఉన్నవాళ్ళకి బిడ్డ పుట్టే అవకాశం కొంత ఎక్కువని తేలింది. కానీ అవన్నీ ఊరికే గమనించి రాసుకున్న లెక్కలు. బరువు ఎక్కువుంటే డి కొవ్వులో ఇరుక్కుని రక్తంలో తగ్గుతుంది. అదే బరువు అండం విడుదలనీ దెబ్బతీస్తుంది. రెండూ ఒకే కొమ్మకి కాసిన కాయలైతే, ఒకటి రెండోదాన్ని కాయించిందని ఎలా అంటాం? తేల్చాలంటే సగం మందికి మందు, సగం మందికి ఉత్తుత్తి మందు ఇచ్చి చూడాలి. ఇటలీలో అలాగే చేశారు, 2021లో ఫలితం వచ్చింది. డి 30 నానోగ్రాముల కంటే తక్కువున్న 630 మందిలో సగం మందికి ఐవీఎఫ్‌కి ముందు ఒక్కసారే 6 లక్షల యూనిట్లు ఇచ్చారు. గర్భం వచ్చింది మందు తీసుకున్నవాళ్ళలో 37 శాతం మందికి, తీసుకోనివాళ్ళలో 40 శాతం మందికి. లాభం లేదన్నమాట. మరీ అడుగంటినవాళ్ళకి రోజువారీ చిన్న మోతాదు ఇస్తే ఏమయ్యేదని వాదించవచ్చు, ఆ వాదనకి చోటుంది. కానీ 'డి పెంచితే ఐవీఎఫ్ ఫలిస్తుంది' అని ఎవరన్నా ధీమాగా చెబితే నమ్మకు.

నీకూ ఇందులో వాటా ఉంది. డెన్మార్క్‌లో డి తక్కువగా ఉండి సంతానం లేని 330 మంది మగవాళ్ళ మీద ఇలాగే చేశారు: మొదట 3 లక్షల యూనిట్లు, తర్వాత 150 రోజులు రోజుకి 1,400 యూనిట్లు, 500 మిల్లీగ్రాముల కాల్షియం. వీర్యం నాణ్యత మారలేదు. కణాల సంఖ్య తక్కువున్నవాళ్ళలో మాత్రం బిడ్డలు పుట్టడం ఎక్కువగా కనబడింది. ఇలా ఒక మూల కనబడినది మళ్ళీ పరీక్షకు నిలిచేదాకా ఆశగా ఉంచుకోవచ్చు, లెక్కలో వేసుకోకూడదు.

మరి ఎందుకు పూడ్చాలి అంటావా? ఎముకల కోసం, వచ్చే గర్భం కోసం. గర్భిణులకి డి ఇస్తే బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియా, నెలలు నిండని కాన్పు తగ్గే అవకాశం ఉందని ఆ 2024 సొసైటీ సూచనల్లోనే ఉంది. తక్కువ ఖర్చుతో అయ్యే పని, చేసెయ్యండి.

ఎలా అంటే, 14 నానోగ్రాములకి డాక్టర్లు మామూలుగా వారానికి ఒక్కసారి 50,000 లేదా 60,000 యూనిట్ల డి3 (విటమిన్ డిలో ఒక రకం), 8 వారాలు రాస్తారు. ఆపైన రోజుకి 1,000 నుంచి 2,000 యూనిట్లు. అది కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టి పరగడుపున కాదు, రోజులో పెద్ద భోజనంతో వేసుకోవాలి. ఊబకాయం ఉన్నవాళ్ళకి రెండు మూడు రెట్లు కావాల్సి వస్తుంది. మూర్ఛ మందులు, క్షయకిచ్చే రిఫాంపిసిన్ వాడేవాళ్ళలో డి త్వరగా ఖర్చైపోతుంది. మూత్రపిండాల్లో రాళ్ళో, రక్తంలో కాల్షియం ఎక్కువో, సార్కాయిడోసిస్ అనే జబ్బో ఉంటే మాత్రం డాక్టరుకి చెప్పకుండా మొదలెట్టకూడదు.

ఇక్కడే జరిగే పెద్ద పొరపాటు వినవోయ్. వారానికి ఒకటి వేసుకోవాల్సినదాన్ని రోజుకి ఒకటి వేసేస్తారు. వారానికి 60,000 వెళ్ళాల్సినచోట 4,20,000 వెళుతుంది. కొన్ని వారాలు అలా సాగితే రక్తంలో కాల్షియం పెరిగి విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, వాంతులు, ఆఖరికి మూత్రపిండాలకే ముప్పు. వారంలో ఏదో ఒకే రోజు ఎంచుకుని, క్యాలెండర్‌లో ఆ రోజు వచ్చే ఎనిమిది తేదీలకీ ముందే సున్నా చుట్టండి. మింగిన రోజు సున్నాలో గీత. రెండో పొరపాటు కూడిక మరిచిపోవడం. కాల్షియం మాత్రలో కొంత, గర్భానికి ముందు వాడే విటమిన్ మాత్రలో కొంత, ఇది వేరే. సీసా మీద మైక్రోగ్రాముల్లో ఉంటే 40తో హెచ్చవెయ్యి. 25 మైక్రోగ్రాములంటే 1,000 యూనిట్లు. డాక్టరు పర్యవేక్షణ లేకుండా అన్నీ కలిపి రోజుకి 4,000 దాటకూడదు. డి కోసమని కాడ్ లివర్ నూనె (కాడ్ అనే చేప కాలేయపు నూనె) అస్సలు వద్దు. అందులో విటమిన్ ఎ కూడా దండిగా ఉంటుంది, అది మోతాదు మించితే కడుపులో పిండానికి చేటు.

ఎండ సంగతా? నీ నీడ నీకంటే పొట్టిగా ఉన్న వేళల్లోనే డిని చేసే కిరణాలు బాగా దిగుతాయి. కిటికీ అద్దం వెనక కూర్చుంటే వెచ్చగా ఉంటుందిగానీ ఆ కిరణాలు అద్దం దాటవు. ఒంటి రంగు ముదురైన కొద్దీ ఎక్కువసేపు కావాలి. 14 నుంచి పైకి రావడానికి ఎండొక్కటే నమ్ముకుంటే ఆలస్యమవుతుంది.

మూడు నెలలకి మళ్ళీ పరీక్ష చాలు, అంతకుముందు చేయిస్తే అంకె ఇంకా కదులుతూనే ఉంటుంది. ఈలోపు చెల్లెమ్మ రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలెట్టాలి. దానికి డిలా అనుమానాల్లేవు, బిడ్డ వెన్నెముక లోపాల్ని అది తగ్గిస్తుందని ఏనాడో రుజువైంది. తన వయసు 35 లోపైతే ఏడాది, దాటితే ఆరు నెలలు ప్రయత్నించి చూశాక అండం విడుదల, ట్యూబులు, నీ వీర్యపరీక్ష అన్నీ ఒకేసారి చూపించుకోవాలి. నీ పరీక్ష అన్నిటికంటే తేలిక, దాన్నే అందరూ ఆఖరికి నెడతారు. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి నమూనా ఇస్తే చాలు.

ఆ కాగితం తీసి కొలత, పరీక్ష పేరు, తారీఖు చూసి రాయి. తను ఇప్పుడు వాడుతున్న మాత్రల పేర్లూ మోతాదులూ కూడా, జుట్టు మాత్రతో సహా.

నీ
మిత్రుడు