ఆదివారం బోటు వెనక్కి తిప్పింది ఇందుకే

మన గేలం ట్రిప్పులకు ఏళ్ల తరబడి వస్తున్నవాళ్లకే ఈ సంగతి చెబుతున్నాను. పోయిన ఆదివారం చేపలు ఎడాపెడా పడుతున్నప్పుడు బోటు తిప్పేశాను. "చుక్క వాన లేదు, నెత్తిన ఎండ కాస్తోంది, ఇంత పిరికితనమా?" అని ఒకాయన మొహం మీదే అనేశారు. నవ్వి ఊరుకున్నాను గానీ, ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది.

మెరిసిన దగ్గర్నుంచి ఉరుము వినబడేదాకా లెక్కపెట్టాను. 21 సెకన్లు. మూడు సెకన్లకు కిలోమీటరు చొప్పున మబ్బు ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. పిడుగు మబ్బు కిందే పడాలని ఏమీ లేదు, పది కిలోమీటర్లు పక్కకొచ్చి ఎండలోనూ పడుతుంది. నీళ్ల మీద అన్నిటికంటే ఎత్తుగా ఉన్నది మనమే. పైగా నిలువుగా పట్టుకున్న కార్బన్ గేలం రాడ్లు కరెంటును బాగానే మోస్తాయి.

"బోటుకి పిడుగు కడ్డీ ఉందిగా?" అంటారు. ఉందని రెండేళ్లుగా ఊదరగొట్టింది నేనే! ఆ మర్నాడు ఎందుకో అనుమానమొచ్చి, టార్చి పట్టుకుని ఇంజిన్ పక్కన దూరి చూశాను. కడ్డీ నుంచి దిగిన తీగ సగం దూరం వచ్చి, ఒక చెక్కకు టేపుతో కట్టేసి ఉంది. కొస చిలుం పట్టి పచ్చగా అయింది. బోటు అడుగున రాగి పలకకున్న బోల్టు ఖాళీ. అంటే పిడుగు పడితే నీళ్లలోకి పోయే దారే లేదు, ఆ టేపు దగ్గర్నుంచి ఇంజిన్ మీదకో, మనుషుల మీదకో దూకేది. తీగ కూడా నేను చెప్పిన లావు కాదు. 20 చదరపు మిల్లీమీటర్లకు తగ్గొద్దని రాసి మరీ ఇచ్చాను. వేసింది ఫ్యాను వైరంత. ఫోన్ చేస్తే, కడ్డీ బిగించిన ఫిట్టరు "ఇన్నాళ్లూ ఏం కాలేదు కదండీ" అన్నాడు. పూర్తి డబ్బిచ్చి, వివరంగా చూడకుండా సంతకం పెట్టిన బుద్ధి నాదే. అది ఒప్పుకోవడానికే మూడు రాత్రులు పట్టింది. గుట్టుగా బాగుచేయించి ఊరుకుందామనీ అనిపించింది. కానీ ఆ కడ్డీని నమ్మి ఎక్కింది మీరు.

ఇప్పుడు కొత్త తీగ, మెలికల్లేకుండా తిన్నగా, నా కళ్లముందే వేయించాను. పలకదాకా కరెంటు దారి తెగకుండా ఉందో లేదో మీటరు పెట్టి చూశాను. అయినా కడ్డీ ఉందని మబ్బు కింద ఆగేది లేదు. మనది పైకప్పు లేని ఫైబర్ బోటు, ఫైబర్ పిడుగును ఆపదు, కాళ్లకున్న రబ్బరు బూట్లూ ఆపవు.

ఉరుము వినబడితే గేలాలు చుట్టేసి, రాడ్లు పడుకోబెట్టి, ఒడ్డుకే. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగుతాం, మధ్యలో ఇంకోటి ఉరిమితే లెక్క మళ్లీ మొదటికే. ఒడ్డు అందకపోతే లైఫ్ జాకెట్లతో బోటు మధ్యలో వంగి కూర్చోవాలి, చేతులు నీళ్లకీ ఇనుముకీ దూరంగా. ఒకవేళ ఎవరికైనా తగిలితే ముట్టుకోవడానికి భయపడకండి, ఒంట్లో కరెంటు నిలవదు. ఊపిరి లేకపోతే వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

ఆదివారం డబ్బు అందరికీ వెనక్కిచ్చేశాను. ఇకనుంచి ఉరుముల కాలంలో మధ్యాహ్నం ట్రిప్పులు లేవు, తెల్లారగట్లే బయల్దేరతాం. పిరికివాడన్న ఆ పెద్దమనిషికి ముందు సీటు అలాగే ఉంచాను. వచ్చేవారం వస్తే ఆ బోల్టు నేనే చూపిస్తాను.