బుజ్జీ, ఆ పచ్చ కూలెంట్ ఇంక పోయకు

బుజ్జీ,

నిన్న నువ్వు పంపిన ఫోటోలు రాత్రి పడుకోబోయే ముందు చూసా, తర్వాత నిద్ర పట్టలా. ఒకటి నీ ఫోన్‌లో కనపడే ఇంజన్ టెంపరేచర్లు, రెండోది ఇంజన్‌ని చల్లబరిచే ఆ పచ్చ కూలెంట్ డబ్బా, కింద "అన్ని బండ్లకీ పనికొస్తుందన్నారు నాన్నా, లెవెల్ తగ్గితే ఒక గ్యాలన్ పోసేసా" అని రాసావు. ఫోన్లో చెప్తే సగం విని సరే సరే అంటావు, వెనక నుంచి ఎవరో ఒకరు పిలుస్తానే ఉంటారు, అందుకే కూర్చుని టైప్ చేస్తున్నా, ట్రైలర్ తగిలించి పొలాల మీదకి పోయేలోపు మొత్తం చదువు.

భయపడాల్సిందేం లేదమ్మా, బండి బాగానే ఉంది. కానీ నువ్వు పోయకముందు అందులో ఏం ఉందో నీకు తెలీదు, నాకూ తెలీదు, నా బెంగంతా అదే. కూలెంట్ పోసే బాటిల్లో ముందు ఎర్రగా ఉండేది అన్నావు కదా. ఫోర్డ్ వాళ్ళు 2006లో ఆ 6.0 లీటర్ల పవర్ స్ట్రోక్ ఇంజన్‌కి కంపెనీ నుంచి పోసిచ్చింది పసుపు రంగుది, మోటార్‌క్రాఫ్ట్ గోల్డ్ అంటారు. ఎర్రగా ఉందంటే నీకు బండి అమ్మిన ఆ పెద్దాయన ఎప్పుడో మొత్తం తీసేసి లాంగ్ లైఫ్ కూలెంట్ పోయించుంటాడు, అదే నిజమైతే మంచి పని చేసాడు. కాకపోతే రంగు చూసి నమ్మడానికి లేదు, రంగనేది ఊరికే కలిపే డై, ఒకే ఎరుపులో తుప్పు పట్టకుండా కలిపే మందులు రెండు మూడు రకాలు ఉంటాయి, ఒకే మందు రెండు మూడు రంగుల్లో వస్తుంది. నువ్వు ముందు ఆయనకి ఫోన్ చేసి ఏ డబ్బా పోయించారు, ఎప్పుడు పోయించారు అని అడుగు. రైతు కదా, బండి తాలూకు బిల్లులు దాచిపెట్టే ఉంటాడు.

పాత పచ్చ రకంలో సిలికేట్ అనే మందు ఉంటుంది. అది లోపల ప్రతి చోటా పూత లాగా పట్టి తుప్పు రాకుండా కాపాడుతుంది, కానీ రెండేళ్ళలో దాని పని అయిపోతుంది. లాంగ్ లైఫ్ రకంలో ఉండేవి ఆర్గానిక్ యాసిడ్లు, అవి తుప్పు మొదలయ్యే చోట మాత్రమే పని చేస్తాయి కాబట్టి ఏళ్ళ తరబడి ఉంటాయి. రెండూ కలిపితే ఇంజన్ పేలిపోదు, కానీ లాంగ్ లైఫ్ అన్న పేరు ఇంక ఉండదు. పది శాతం దాకా కలిసినా ఓర్చుకుంటుంది అంటారు, నీ బండిలో పట్టేది మొత్తం దాదాపు 26 లీటర్లు, అంటే ఏడు గ్యాలన్లు, నువ్వు పోసింది ఒకటి, ఏడులో ఒకటంటే పద్నాలుగు శాతం. హద్దు దాటింది చూసావా.

ఇంకో గ్యాలన్ పోయొద్దని ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెప్తా. మీ ఇంజన్ నావిస్టార్ వాళ్ళు తయారుచేసి ఫోర్డ్‌కి ఇచ్చింది, అందులో ఇంజన్ ఆయిల్‌ని కూలెంట్‌తో చల్లబరిచే ఆయిల్ కూలర్ రెండు హెడ్లకి మధ్య పల్లంలో కూర్చుంటుంది, పలుచటి రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది, రేకుల మధ్య దారులు చాలా సన్నం. ఇంజన్ బ్లాక్ పోత పోసినప్పుడు మిగిలిపోయిన ఇసుక సన్నసన్నగా రాలుతా వచ్చి ఆ దారుల్లో ఇరుక్కుంటుంది. దానికి తోడు సిలికేట్ ఉన్న కూలెంట్ బాగా వేడెక్కితే జావ లాగా విడిపోయి అదీ అక్కడే పట్టుకుంటుంది. ఆయిల్ కూలర్ లోంచి బయటికొచ్చిన కూలెంటే ఈజీఆర్ కూలర్‌కి, అంటే ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగని చల్లబరిచే దానికి పోవాలి, ఇక్కడ దారి మూసుకుంటే అక్కడ కూలెంట్ చాలదు, పొగ వేడికి అది పగిలి కూలెంట్ సైలెన్సర్ లోకో సిలిండర్ లోకో పోతుంది, ఆ తర్వాత హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. ఒకటి పోతే దాని వెనకే ఇంకోటి, రైలు పెట్టెల్లాగా. నీ ఇంజన్‌లో ఇంజెక్టర్లు కూడా ఆయిల్ ప్రెషర్ మీదే కొడతాయి, అందుకని ఆయిల్ చల్లగా ఉండటం మామూలు డీజిల్ బండి కంటే నీకే ఎక్కువ అవసరం.

ఇప్పుడు నీ ఫోటో చూడు. పోయిన నెల హైవే మీద కూలెంట్ 192, ఆయిల్ 201, తేడా తొమ్మిది. ఈ వారం 192, 204, తేడా పన్నెండు. ఇంజన్ బాగా వేడెక్కాక, చదును రోడ్డు మీద ఒకే స్పీడులో పోతున్నప్పుడు ఆ తేడా ఫారన్‌హీట్‌లో 15 దాటకూడదు, దాటిందంటే కూలర్ మూసుకుపోతున్నట్టే. పన్నెండు ప్రమాదం కాదు, నువ్వు ఆ రోజు ట్రైలర్ లాగుతున్నావేమో, ఎదురుగాలి ఉందేమో. ట్రైలర్ లేకుండా అదే రోడ్డు మీద అరగంట తోలి మళ్ళీ చూసి రాయి. రోజూ ఒక కాగితం మీద రాసుకో తల్లీ, ఒక్క రోజు నెంబర్ కంటే పది రోజుల నెంబర్లు ఎటు పోతున్నాయో చూడాలి.

ఇక ఫిల్టర్ సంగతి. కూలెంట్ ఫిల్టర్ పెట్టిస్తే సరిపోతుందా అని అడిగావు. దానికి నీకో సంగతి చెప్పాలి, ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు.

1998లో అనుకుంటా, నువ్వింకా ఒకటో క్లాసు. ఆటోనగర్‌లో మన షెడ్డుకి ఒక బోరు బండి వచ్చింది, కంప్రెసర్ తిప్పే పెద్ద డీజిల్ ఇంజన్, దానికి పక్కన ఆయిల్ ఫిల్టర్ లాగానే ఒక వాటర్ ఫిల్టర్ ఉంటుంది. అది కారుతోంది, కొత్తది బజార్లో దొరకలా, ఎండాకాలం బోర్లు వేసే సీజను, ఓనర్ తొందర. నీళ్ళలో చెత్త ఏముంటుంది లే అనుకుని ఫిల్టర్ తీసేసి రెండు పైపులూ కలిపి క్లిప్ బిగించి పంపించేసా, రేడియేటర్లో బోరు నీళ్ళే పోసా. ఎనిమిది నెలలకి అదే బండి లాక్కొచ్చారు, డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ మజ్జిగ లాగా ఉంది. ఇంజన్ విప్పి మూడో లైనర్, అంటే పిస్టన్ ఆడే గొట్టం, బయటికి లాగి డీజిల్‌తో కడిగా. బయటి వైపు, పిస్టన్ కొట్టుకునే పక్కన, పై నుంచి కిందికి ఒక చారలాగా సూది గుచ్చినట్టు గుంటలు. లోపలి వైపు చూస్తే నున్నగా అద్దంలా ఉంది. లైనర్ ట్యూబ్‌లైట్‌కి అడ్డం పెట్టి చూసా, ఒక గుంట లోంచి వెలుగు కనపడింది, ఆవగింజంత కూడా లేదు. ఆ బెజ్జం లోంచే నీళ్ళన్నీ ఆయిల్‌లోకి పోయినాయి. ఆ ఓనర్ సీజన్ అంతా పోగొట్టుకున్నాడు, నేను లేబర్ తీసుకోలా, కానీ ఆయన నష్టానికి అదేం లెక్క.

అది తుప్పు కాదమ్మా. పిస్టన్ లోపల్నుంచి కొట్టినప్పుడల్లా లైనర్ గంట మోగినట్టు అదురుతుంది, బయట ఉన్న నీళ్ళు ఆ అదురుడుతో సమానంగా కదల్లేక సన్న బుడగలు పుడతాయి, అవి పగిలినప్పుడల్లా ఇనుములోంచి కొంచెం కొరుక్కుపోతాయి. దాన్ని ఆపేది నైట్రైట్ లాంటి మందు, ఇనుము మీద పలుచటి పొర కడుతుంది, బుడగ ఆ పొరని కొరుకుతుంది, పొర మళ్ళీ కడుతుంది. నేను తీసి పారేసిన ఆ ఫిల్టర్‌లోనే ఆ మందు బిళ్ళలుండేవి, మెల్లగా కరిగి నీళ్ళలో కలుస్తా ఉంటాయి. నేను చెత్త పట్టే జల్లెడ అనుకున్నా, అది మందు సీసా కూడా. ఆ రోజు నుంచి నా షెడ్డులో ఏ కుర్రాడికైనా మొదట చెప్పే మాట, ఫిల్టర్ వేరు, మందు వేరు, రెండూ చూసుకోవాలి.

నీ ఇంజన్‌కి విడిగా లైనర్లు లేవు, పిస్టన్ ఆడే రంధ్రాలు బ్లాక్‌లోనే కోసారు, అంటే బెజ్జం పడితే మార్చడానికి లైనర్ ఉండదు, బ్లాకే పోయినట్టు. అందుకే కూలెంట్ డీజిల్ ఇంజన్‌కి పనికొచ్చేదే కావాలి. డబ్బా మీద క్యాటర్‌పిల్లర్ ఈసీ-1 స్టాండర్డ్‌కి సరిపోతుంది అని ఉందా లేదా చూడు, అది ఉంటే చాలు, ఏ కంపెనీదైనా పర్లేదు. "అన్ని రంగులకీ, అన్ని బండ్లకీ" అని రాసుంటే వద్దు.

ఫిల్టర్ తప్పకుండా పెట్టించు, మంచి ఆలోచన. కానీ నీకు మందు బిళ్ళలు లేని ఖాళీ ఫిల్టర్ కావాలి, నా కథకి ఉల్టా. లాంగ్ లైఫ్ కూలెంట్‌లో తన మందు తనకి ఉంటుంది, ఫిల్టర్ నుంచి ఇంకో మందు కలిస్తే మళ్ళీ మనం మొదలెట్టిన చోటికే వస్తాం, పైగా మందు ఎక్కువైతే అదే ఉప్పులాగా పేరుకుని వాటర్ పంప్ సీల్ తినేస్తుంది. షాపులో రెండు రకాలూ ఒకే సైజులో పక్కపక్కనే ఉంటాయి, అడిగి తీసుకో. అది బైపాస్ ఫిల్టర్, కూలెంట్‌లో కొంచెం భాగమే దాన్లోంచి పోయి బాటిల్‌లోకి తిరిగొస్తుంది, అయినా తిరగ్గా తిరగ్గా అంతా వడకడుతుంది. రెండు పక్కలా వాల్వులు పెట్టమను, లేకపోతే ఫిల్టర్ మార్చినప్పుడల్లా కూలెంట్ కారిపోతుంది. ఇప్పటికే ఇరుక్కున్న ఇసుక మాత్రం ఫిల్టర్ పెట్టగానే బయటికి రాదు, ఇంకా రాబోయే దాన్ని పట్టుకుంటుంది అంతే. తేడా 15 దాటితే కూలరే మార్చాలి, అప్పుడు ఫిల్టర్ పెట్టాం కదా అని ఆగకు.

కూలెంట్ మొత్తం మార్పించాలి, చలి మొదలయ్యేలోపే. ఏ షాపులో చేయించినా పక్కనే నుంచో. రేడియేటర్ కింద ట్యాప్ తిప్పితే సగమే దిగుతుంది, మిగతాది బ్లాక్‌లోనే ఉండిపోతుంది. డిస్టిల్డ్ వాటర్ పోసి, హీటర్ ఆన్ చేసి, థర్మోస్టాట్, అంటే వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు, తెరుచుకునేదాకా నడిపి, చల్లారాక దించాలి, నీళ్ళు తేటగా వచ్చేదాకా అలా చెయ్యాలి. పైపు నీళ్ళు ఒక్క చుక్క కూడా వద్దు, మనింట్లో వాటర్ హీటర్ రాడ్‌కి సుద్ద ఎలా పట్టేదో గుర్తుందిగా, ఇంజన్ లోపలా అలాగే పడుతుంది. ఆఖరి కడుగుడు తర్వాత బ్లాక్‌లో నీళ్ళు మిగిలే ఉంటాయి కాబట్టి సగం కలిపిన డబ్బాలు కొనొద్దు, నీళ్ళు కలపనిది మూడున్నర గ్యాలన్లు ముందు పోసి, పైన డిస్టిల్డ్ వాటర్‌తో నింపాలి, అప్పుడే సగం సగం వస్తుంది. సగం సగం ఉంటే మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టదు, కాన్సస్ చలికి సరిపోతుంది. చలి ఎక్కువ కదా అని చిక్కగా పోయకు, నీళ్ళు కలపని కూలెంట్ మైనస్ 13కే గడ్డకడుతుంది, వేడి కూడా సరిగ్గా లాగదు.

వేడి మీద బాటిల్ మూత తియ్యకు. నా కుడి చేతి మీద మచ్చ చూసి చిన్నప్పుడు అడిగేదానివి, అది దానిదే. మూత చుట్టూ తెల్లగా ఎండిన మరకలు ఉన్నాయా చూసి చెప్పు, పొద్దున స్టార్ట్ చేసినప్పుడు తియ్యటి వాసనతో తెల్ల పొగ వస్తుందా అదీ చెప్పు. లెవెల్ తగ్గిందన్నావు కదా, ఎటు పోయిందో తెలియాలి నాకు, నేల మీద చుక్క లేకుండా తగ్గితే అది వేరే సంగతి.

దించిన కూలెంట్ నేల మీద పారబోయనివ్వకు, కుక్కపిల్ల దగ్గర్లో అసలు ఉండకూడదు, తియ్యగా ఉంటుందని నాకేస్తుంది, కొంచెం లోపలికి పోయినా ప్రాణం తీస్తుంది.

మొదటి ఫిల్టర్ వెయ్యి మైళ్ళకే తీసేసి కోయించు, రంపంతో కాదు, ఆ ఇనుప పొడి అందులో పడితే ఏది ఎక్కడిదో తెలీదు, ఫిల్టర్ కట్టర్ ఉంటుంది. లోపలి కాగితం విప్పి తెల్ల గుడ్డ మీద పరిచి, ఎండలో పెట్టి దగ్గరగా ఫోటో తీసి పంపు, ఎంత ఇసుక వచ్చిందో చూసి రెండోది ఎప్పుడు మార్చాలో చెప్తా. నీకు పొద్దున పదంటే మాకు రాత్రి ఎనిమిదిన్నర, మేలుకునే ఉంటా. మీ అమ్మ గోంగూర పచ్చడి పార్సిల్ కట్టింది, ఎల్లుండి పంపుతున్నాం.

నాన్న