పాచిని చంపే ముందు ఒక చుక్క చూడండి

సంపాదకులకు నమస్కారం.

మా విజయనగరం పెద్ద చెరువు పచ్చబడిపోయిందని, పైడితల్లి తెప్పోత్సవం లోపల బ్లీచింగ్ పౌడర్ బస్తాలు గుమ్మరించాలని గత వారం మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. రోజూ పొద్దున్నే గట్టు మీద నడిచేదాన్ని, ఆయన చెప్పిన వాసన నాకూ తెలుసు. అయితే బస్తా మూతి విప్పే ముందు ఆ నీళ్లు ఒక్క చుక్క మైక్రోస్కోప్ కింద ఎవరైనా చూశారా? 28 ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పాను. పాచి మాటొస్తే ఊరుకోలేను.

పాచి అంతా ఒకటి కాదు. పచ్చరంగు డబ్బా ఒలికినట్టు నీటి మీద తేలేది మైక్రోసిస్టిస్ అనే విషపు పాచి అయితే, మందు చల్లి చంపడమే ప్రమాదం. కణాలు పగిలి లోపలున్న విషం నీళ్లలో కలుస్తుంది. చచ్చిన పాచి కుళ్లుతూ నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది. తెల్లారేసరికి చేపలు నోళ్లు పైకి పెట్టి ఆవులిస్తాయి. అప్పుడు మళ్లీ మీకే ఇంకో ఉత్తరం రావాలి.

మెట్ల మీద గోధుమరంగులో జిగురుగా ఉండి కాలు జార్చేది వేరు. అందులో ఎక్కువగా ఉండేవి డయాటమ్‌లు. ఒక్కొక్కటీ ఒకే కణం. దాని చుట్టూ సిలికాతో కట్టుకున్న గాజు డబ్బీ, దానికో మూత. భూమ్మీద ఏటా తయారయ్యే ప్రాణవాయువులో దాదాపు అయిదో వంతు వీటి పుణ్యమేనని అంచనా.

ఈ డబ్బీలనే నమ్ముకుని బతికిన మనిషి అమెరికా శాస్త్రవేత్త రూత్ పాట్రిక్. ఏడేళ్లప్పుడు వాళ్ల నాన్న చేతికి మైక్రోస్కోప్ ఇచ్చాడు. 1934లో డాక్టరేట్ వచ్చింది. ఫిలడెల్ఫియాలోని అకాడమీ ఆఫ్ నేచురల్ సైన్సెస్‌లో చేరారు గాని, 1945 దాకా జీతం లేదు. మా ఇళ్లలో అయితే 'ఊరికే ఎందుకమ్మా ఈ చాకిరీ' అని ఎప్పుడో మాన్పించేవారు. 1948లో పెన్సిల్వేనియాలోని కోనెస్టోగా నదికి రసాయన శాస్త్రవేత్తలనూ జీవశాస్త్రవేత్తలనూ వెంటబెట్టుకుని వెళ్లారు. నీళ్లలో ఏ రసాయనం ఎంతుందన్నది ఆ పూట సంగతి మాత్రమే. అక్కడ ఎవరెవరు కాపురం ఉంటున్నారో చూస్తే నది ఆరోగ్యం తెలుస్తుందన్నది ఆవిడ పట్టిన దారి. మంచి నీళ్లలో డయాటమ్ జాతులు చాలా ఉంటాయి, ఒక్కో జాతి కొద్దికొద్దిగా. చెడిన నీళ్లలో నాలుగైదు జాతులే గుంపులుగా పెరుగుతాయి. అది లెక్కపెట్టడానికి నీళ్లలో గాజు స్లైడ్లు వేలాడదీసే డయాటోమీటర్ అనే సాధనం కూడా ఆవిడ చేసిందే. 1996లో అమెరికా నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ ఇచ్చారు. 2013లో పోయేనాటికి ఆవిడకు 105 ఏళ్లు.

నేను ఉద్యోగంలో ఉండగా మా పిల్లలతో ఆ పని చేయించాను. అరిగిపోయిన హవాయి చెప్పు ముక్క తేలుడుకి, దానికి నైలాను తాడుతో కట్టిన రెండు స్లైడ్లు. బట్టలుతికే రేవు దగ్గర ఒకటి, దూరంగా తామరాకుల వైపు ఒకటి వదిలాం. రెండు వారాల తరవాత తీస్తే రేవు స్లైడు నిండా ఒకే రకం. తామరాకుల వైపుది తిరనాళ్లే. ఒక చివర లావుగా, ఒక చివర సన్నగా ఉన్న గాంఫోనీమా అనే డయాటమ్‌ను చూసి ఒక కుర్రాడు 'మేడమ్, బొబ్బిలి వీణ!' అని అరిచాడు. నవ్వాను గాని, అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

ఇప్పుడు మైక్రోస్కోపులు బీరువాల్లో కటకాలకు బూజు పట్టి ఉంటున్నాయి. క్లామిడోమోనాస్ అనే ఒంటి కణం పాచిని కంటితో చూడని పిల్లలు గైడు చూసి బొమ్మ గీసి ప్రాక్టికల్స్‌లో పూర్తి మార్కులు తెచ్చుకుంటున్నారు. ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలు పది మంది చాలు, చెరువు చుట్టూ ఆరు స్లైడ్లు వేలాడదీయడానికి. ఈలోగా చేయాల్సింది ఏమైనా ఉంటే, చెరువులోకి దిగే మురుగును ఆపడం. పాచికి మేత అందులోని నత్రజని, భాస్వరమే. మేత పడుతున్నన్నాళ్లూ ఎన్ని బస్తాలు పోసినా నెల తిరక్కుండా పచ్చదనం తిరిగొస్తుంది.

ఆ పాఠకుడికి తీరిక ఉంటే ఆదివారం పొద్దున ఆరున్నరకు గట్టు మీదకు రమ్మనండి. నా పాత మైక్రోస్కోప్ తెస్తాను. ఆయన ఒక ఖాళీ దగ్గుమందు సీసా కడిగి తెచ్చుకుంటే చాలు.

- విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, కంటోన్మెంట్, విజయనగరం